రిపేర్ ఉన్న సెకండ్ హ్యాండ్ బైక్ కొంటున్నారా? మెకానిక్ కంటే ముందు ఆర్సీ సంగతి తేల్చుకోండి

"బండి మంచి కండిషన్ అన్నా, చిన్న రిపేర్ ఉందంతే." సెకండ్ హ్యాండ్ బైక్ చూడటానికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఈ మాట వినిపిస్తుంది. ఆ 'చిన్న రిపేర్' పేరుతోనే ధర ఏడెనిమిది వేలు తగ్గుతుంది. మొదటి ఉద్యోగం, మొదటి బండి, చేతిలో ముప్పై వేలు ఉన్నవారికి అది మంచి బేరంలా కనిపిస్తుంది.

నిజానికి రిపేర్ వల్ల పెద్ద ప్రమాదం లేదు. ఇంజిన్ పోయినా, టైర్లు అరిగినా ఎంత ఖర్చవుతుందో మెకానిక్ చెప్పగలడు. కాగితాల్లో లోపం ఉంటే మాత్రం అది ఎంతలో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. బండి తెచ్చుకున్న మర్నాడే షెడ్డులో పెట్టి పన్నెండు పదిహేను వేలు పోసి బాగుచేయిస్తారు. పేరు మార్పు 'తర్వాత చూద్దాం' అనుకుంటారు. ఆ తర్వాత ఆర్సీపై ఫైనాన్స్ ఉందనో, ఓనర్ చనిపోయాడనో తెలుస్తుంది. బండి వెనక్కి ఇచ్చి ధర రాబట్టుకున్నా, రిపేర్ డబ్బు మాత్రం తిరిగిరాదు.

అందుకే ముందు నంబర్, తర్వాత బండి, ఆ తర్వాత పేరు మార్పు, చివరన రిపేర్. ఈ వరుస తప్పకుండా చూసుకోండి.

బండి చూడకముందే నంబర్ చూడండి

అమ్మే వ్యక్తి ఫోన్ చేయగానే బయలుదేరకండి. ముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొడితే బండి మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఎప్పటివరకు చెల్లుతుంది, ఇన్సూరెన్స్ గడువు వంటి వివరాలు వస్తాయి. ఓనర్ పేరు మాత్రం పూర్తిగా కనపడదు, మధ్యలో చుక్కలుంటాయి. కాబట్టి ఒరిజినల్ ఆర్సీ కార్డు గానీ, అమ్మే వ్యక్తి సొంత డిజిలాకర్‌లో ఉన్న ఆర్సీ గానీ చూపించమనండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోతో సరిపెట్టుకోవద్దు.

ఆర్సీలో మూడు విషయాలు చూడాలి. మొదటిది హైపోథికేషన్, అంటే ఫైనాన్స్. ఈఎంఐలు ఎప్పుడో కట్టేశామని చెప్పినా సరే, ఆర్సీపై ఫైనాన్స్ కంపెనీ పేరు ఉన్నంతవరకు పేరు మారదు. కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, దాంతో పాటు ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించాల్సిన పని అమ్మేవారిది. అది పూర్తయ్యాకే మీరు డబ్బివ్వండి.

రెండోది గడువు. కొత్త బైక్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఆర్టీఏలో బండిని చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. దీనికి ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2011లో రిజిస్టరైన బండిని పన్నెండు వేలకే ఇస్తున్నారంటే కారణం ఇదే కావచ్చు. రిపేర్‌లో ఉన్న బండి ఆ తనిఖీలో నెగ్గదు కూడా.

మూడోది రిజిస్టరైన ఆఫీసు. హైదరాబాద్‌లో ఏపీ సిరీస్ నంబర్ కనపడితే అది ఆంధ్రా బండి అని అనుకోనక్కర్లేదు. 2014 జూన్‌కు ముందు ఇక్కడ రిజిస్టరైన వాటికి ఏపీ నంబరే ఉంటుంది. ఆ తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. ఏపీ 39 ఉంటే మాత్రం అది 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్న బండే. అనుమానం ఉంటే ఆర్సీలో రిజిస్టర్ చేసిన ఆఫీసు పేరు చూడండి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28పై ఎన్ఓసీ తేవాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాల్సి వస్తుంది. బెంగళూరు నుంచి చవగ్గా వచ్చిన బండి ఈ లెక్క కలిపాక చవగ్గా ఉండకపోవచ్చు.

తర్వాత పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో అదే నంబర్ కొట్టి చూడండి. పాత చలాన్లు నాలుగైదు వేలు ఉండటం మామూలే. తెలంగాణలో 2022 మార్చిలోనూ, 2023 డిసెంబరులోనూ భారీ రాయితీలు ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తారులే అని అమ్మేవారు చెబుతుంటారు. ఇచ్చినప్పుడు చూద్దాం, ప్రస్తుతం ఆ మొత్తం కట్టించండి, లేదంటే ధరలో తగ్గించండి.

దొంగ బండి భయం ఉంటే జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నడిపే డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో చాసిస్, ఇంజిన్ నంబర్లతో చూసుకునే వీలుంది. ఆ నంబర్లను ఆర్సీ నుంచి కాకుండా బండి మీద నుంచే రాసుకోండి.

మీతో మాట్లాడుతున్నది ఎవరు?

ఆర్సీలో పేరున్న మనిషే ఎదురుగా ఉంటే పని సులువు. చాలాసార్లు అలా ఉండదు. "ఓనర్ ఊళ్లో లేడు, సంతకాలు పెట్టి ఇచ్చాడు" అంటూ ఖాళీ ఫారం 29, 30 చూపిస్తారు. ఒకప్పుడు ఈ ఓపెన్ ఫారాల మీదే బండ్లు నాలుగైదు చేతులు మారేవి. ఇప్పుడు ఆధార్ ధ్రువీకరణ, ఓటీపీలు వచ్చాయి. ఆర్సీ ఓనర్ సహకరించకపోతే సంతకం ఉన్న కాగితం ఒక్కటే పని చేయించదు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగండి: "ఆర్సీకి లింకైన ఫోన్ నంబర్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" దీనికి జవాబు తడబడితే అక్కడితో ఆగిపోండి.

ఓనర్ చనిపోయి ఉంటే కొడుకో అల్లుడో నేరుగా మీకు అమ్మలేరు. ముందు ఫారం 31తో వారసుల పేరుకు ఆర్సీ మారాలి. ఆ తర్వాతే మీకు. 'సీజింగ్ బండి' అయితే, అంటే వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ కంపెనీ స్వాధీనం చేసుకున్నదైతే, ఆ కంపెనీ పేరిట కొత్త ఆర్సీ తీశారా అని అడగండి. దానికి ఫారం 36 అనే పద్ధతి ఉంది. యార్డులో ఇచ్చిన రసీదు ఆర్సీ కాదు.

డీలర్ దగ్గర కొంటుంటే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన మీకు ఉపయోగపడుతుంది. పాత వాహనాలు కొని అమ్మే డీలర్ రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. ఓనర్ తన బండిని డీలర్‌కు అప్పగించినట్లు ఫారం 29సీ ద్వారా పోర్టల్‌లో తెలియజేయాలి. ఆ వివరం చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

బండి చూడకముందే 'బుకింగ్ అమౌంట్' పంపమనేవాళ్లకు, బదిలీ మీద వెళ్లిపోతున్నాం బండిని పార్సిల్ చేస్తాం అనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఈ మోసం పాతదే, ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు బండి దగ్గరకు

మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. మూడొందలో ఐదొందలో ఇవ్వండి. అమ్మేవారు చూపించే మెకానిక్ వద్దు. వెళ్లేముందు "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ దాచలేని జబ్బులను వేడెక్కిన ఇంజిన్ దాచేస్తుంది.

స్టార్ట్ చేశాక పొగ రంగు చూడండి. నీలం కలిసిన తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. రింగులో, వాల్వ్ సీళ్లో, బోరో పోయి ఉంటుంది. మెకానిక్‌లు 'హాఫ్ ఇంజిన్' అనేది ఈ పనినే. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ మండుతోందని. పాత బండ్లలో అది కార్బొరేటర్ పనితో పోవచ్చు, అంత భయపడక్కర్లేదు. కింద నుంచి, క్రాంక్ దగ్గర నుంచి మొద్దుగా కొట్టుకునే చప్పుడు వస్తే మాత్రం 'ఫుల్ ఇంజిన్' దాకా వెళ్లొచ్చు. మొదటి బండిగా అలాంటిది వద్దు.

సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలోకి రాగానే ఎక్కడో పట్టేసినట్లుంటే కోన్ సెట్ పోయింది. ఫోర్కుల మీద ఆయిల్ మరక ఉంటే సీళ్లు మార్చాలి. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ను వెనక్కి లాగి చూడండి. పళ్ల మీద నుంచి పైకి లేస్తుంటే చైన్ సెట్ ఖర్చు రాసుకోండి. ఇవన్నీ మామూలు రిపేర్లే. చాసిస్ వంగడం అలాంటిది కాదు. వెనక నిలబడి రెండు చక్రాలు ఒకే గీతలో ఉన్నాయా చూడండి. ఫ్రేమ్ మీద కొత్త వెల్డింగ్, ఒక్కచోటే కొత్త పెయింట్ ఉంటే ఎందుకని అడగండి.

మీటర్ రీడింగ్‌ను పూర్తిగా నమ్మకండి. 18 వేల కిలోమీటర్లే తిరిగిన బండికి ఫుట్‌రెస్ట్ రబ్బర్లు నున్నగా అరిగిపోవు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. టైరు గీతలు బాగున్నా రబ్బరు పాతబడితే మార్చాల్సిందే.

బండి ఏ ఏడాదిదన్నది రిపేర్‌కు కూడా ముఖ్యం. 2020 ఏప్రిల్ నుంచి అమ్మినవి బీఎస్6. ఇవి దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. సెన్సర్లు, ఫ్యూయల్ పంప్ పోతే వీధి చివరి మెకానిక్ చేతిలో తేలదు, ఖర్చూ ఎక్కువే. తాళం తిప్పగానే మీటర్‌లో పసుపు ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే దాన్ని ఎవరో పనిచేయకుండా చేసి ఉండొచ్చు. 2019 ఏప్రిల్ తర్వాతి బండి 125 సీసీ దాటితే ఏబీఎస్ ఉండాలి, ఆ లైటూ చూసుకోండి.

ఇంకొకటి, మన నగరాలకు ప్రత్యేకమైనది: వరద బండ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బైకులు నీళ్లలో నానాయి. కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైకి తెలియదు. సీటు తీసి కింద మూలల్లో ఒండ్రు ఉందేమో, హెడ్‌లైట్ లోపల తుప్పు మరకలున్నాయేమో చూడండి. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు వెళ్లినట్లే. ఇలాంటి బండిలో వైరింగ్ ఆరు నెలల తర్వాత కూడా ఏడిపిస్తుంది.

రిపేర్ లెక్క కాగితం మీద వేయండి

ఉదాహరణకు ఒక 125 సీసీ బండి బాగా ఉంటే 40 వేలు పలుకుతుందనుకుందాం. రిపేర్ ఉందని 30 వేలకు ఇస్తున్నారు. చైన్ సెట్ 1,500, వెనక టైరు 2,000, బ్యాటరీ 1,200, కోన్ సెట్, ఫోర్కు సీళ్లు కలిపి 1,500, హాఫ్ ఇంజిన్ 6,500. మొత్తం 12,700. అంటే బండి మీకు 42,700 పడింది. మంచి బండి కన్నా ఎక్కువే. ఈ ధరలు ఊరిని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విడిభాగాల ధర స్వయంగా అడిగి మీ లెక్క మీరు వేసుకోండి. మెకానిక్ చెప్పిన మొత్తానికి ఇంకో రెండు మూడు వేలు కలపండి. ఇంజిన్ విప్పాక బయటపడేవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి.

ఈ కాగితం పట్టుకుని బేరమాడితే అమ్మేవారికీ కోపం రాదు.

పేరు మారేదాకా స్పానర్ ముట్టకండి

బేరం కుదిరింది. ఇప్పుడు నేరుగా రవాణా శాఖ పని. అమ్మే వ్యక్తి ఫారం 29 ఇవ్వాలి. ఫారం 30పై ఇద్దరూ సంతకాలు చేయాలి. వీటితో పాటు ఆర్సీ, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ కావాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టాలి. స్లాట్ ఇస్తే ఆ రోజు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. కేంద్ర నిబంధనల్లో బైక్ బదిలీ ఫీజు 150 రూపాయలే. రాష్ట్ర సర్వీస్ చార్జీలు, కార్డు, పోస్టల్ ఖర్చు దానికి కలుస్తాయి. ఆఫీసు గేటు దగ్గర 'అన్నీ మేం చూసుకుంటాం' అనేవాళ్లు రెండు మూడు వేలు అడుగుతారు. అందులో ప్రభుత్వానికి వెళ్లేది ఎంతో ముందే తెలుసుకుని మాట్లాడండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోపు అమ్మకమైతే అమ్మిన వ్యక్తి 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. కొన్న వ్యక్తి 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. 'మీకెందుకు తొందర' అని అమ్మేవారు అంటే ఆయనకే ఒక విషయం గుర్తు చేయండి. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. వాహనం ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరు ఉందో వారే పరిహారానికి బాధ్యులు. మీరు రేపు ఎవరినైనా గుద్దితే నోటీసు ఆయనింటికి వెళ్తుంది. ఈ మాట చెప్పాక సాధారణంగా ఎవరూ స్లాట్‌కు రానని అనరు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఆర్సీలో పేరున్న వ్యక్తి ఖాతాకే యూపీఐ లేదా బ్యాంకు ద్వారా పంపండి. ఐదారు వేలు ఆపి, దరఖాస్తు పూర్తయ్యాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు సమయం కూడా రాయించండి. ఉదయం పది గంటలకు పడిన చలాన్ ఎవరిదో తేల్చేది ఆ సమయమే.

రిపేర్ ఎందుకు ఆపాలి? డబ్బు సంగతి ఒక్కటే కాదు. ఆర్టీఏలో చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ అడుగుతారు. కొత్తగా కనపడాలని ఫ్రేమ్‌కు పెయింటో, పౌడర్ కోటింగో వేయిస్తే ఆ అంకెలు పూడిపోతాయి. తుప్పు గీకే గ్రైండర్ వాటి మీద నడిస్తే మరీ కష్టం. చెరిగిన నంబర్ ఉన్న బండి దొంగ బండిలాగే కనిపిస్తుంది. రంగు కూడా ఆర్సీలో రాసి ఉంటుంది. ఎర్ర బండిని నల్లగా మార్చుకుని వెళ్తే ప్రశ్నలు తప్పవు.

ఇంజిన్ విషయంలోనూ తేడా తెలుసుకోండి. బోరు, పిస్టన్, హెడ్ మార్చితే ఇంజిన్ నంబర్ మారదు, ఎందుకంటే అది క్రాంక్ కేస్ మీద ఉంటుంది. పాత ఇంజిన్ మొత్తం తీసేసి స్క్రాప్‌లో దొరికిన మరో ఇంజిన్ బిగిస్తే ఆర్సీలోని నంబర్‌తో సరిపోదు. చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. 'సగం ధరకు ఇంకో ఇంజిన్ పెట్టిస్తా' అని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. చప్పుడు చేసే సైలెన్సర్ ఉంటే కంపెనీది పెట్టించండి, ఎలాగూ పోలీసులు పీకేస్తారు.

ఇన్సూరెన్స్ పాత ఓనర్ పేరునే వదిలేయొద్దు

సెక్షన్ 157 ప్రకారం బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ కవర్ దాంతో పాటే వస్తుంది. కానీ కొన్న వ్యక్తి 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు చేసి పేరు మార్చుకోవాలి. మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ చేయాలంటే పాలసీ మీ పేరుకు మారి ఉండాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనదే.

రిపేర్‌లో మూలన పడున్న బండ్లకు తరచూ పాలసీ గడువు దాటిపోయి ఉంటుంది. అలాంటప్పుడు అమ్మేవారి చేత థర్డ్ పార్టీ పాలసీ తీయించాకే బండి కదిలించండి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైక్‌కు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, దానిపై జీఎస్టీ. 150 నుంచి 350 సీసీ వరకు 1,366. పాలసీ లేకుండా ఎవరికైనా కాలో చెయ్యో విరిస్తే పరిహారం లక్షల్లో ఉంటుంది, అది ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు. అంతవరకు షెడ్డుకు కూడా ట్రాలీ ఆటోలోనే తీసుకెళ్లండి.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. స్కూటీ నేర్చుకుని గేర్లు లేని వాహనానికి తీసుకున్న లైసెన్సు బైక్‌కు చెల్లదు. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. లెర్నర్స్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత పర్మనెంట్ పరీక్షకు వెళ్లొచ్చు. పేరు మార్పు నడుస్తున్న రోజుల్లోనే దీన్నీ మొదలుపెడితే సమయం కలిసొస్తుంది.

కొత్త ఆర్సీ వచ్చాక మీ పేరు అక్షరాలు, ఇంజిన్, చాసిస్ నంబర్లు సరిచూసుకోండి. మీ ఫోన్ నంబరే రికార్డుకు ఎక్కిందో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. రేపు చలాన్ మెసేజ్ వచ్చేది, మీరు అమ్మాలనుకున్నప్పుడు ఓటీపీ వచ్చేది ఆ నంబర్‌కే. అప్పుడు బండిని షెడ్డుకు తీసుకెళ్లి ముందుగా బ్రేకులు, టైర్లు చేయించండి. మార్చిన పాత విడిభాగాలను కవర్లో వేసి ఇమ్మని మెకానిక్‌కు ముందే చెప్పండి.